మళ్ళీ కలవాలనుందని సూటిగా అడుగు

చిన్నీ,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా ఇంకా చెవుల్లోనే ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదుటి బెర్తు అమ్మాయి, రాజమండ్రి వంతెన మీద ఇద్దరూ కలిసి నదిలోకి విసిరిన రూపాయి బిళ్ళలు, కాజీపేట దాటినా తెగని కబుర్లు. "పిన్నీ, ఇది పిచ్చా?" అన్నావు. కాదు తల్లీ. గొంతు పట్టేసి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

1991 పుష్కరాల్లో కోటిలింగాల రేవులో స్నానానికి దిగుతూ, మెట్టు మీద కూర్చున్న తెలియనావిడకు నా సంచి అప్పజెప్పి "కాస్త చూస్తూ ఉండండి" అన్నాను. మునిగి లేచి వచ్చేసరికి, అంత తొక్కిసలాటలోనూ ఆవిడ సంచిని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చునుంది. ఆవిడే మీ టీచరత్త. ఒకే వాటాలో అద్దెకుంటున్న స్నేహితురాళ్ళమని ఇన్నేళ్ళూ మీ అందరికీ చెప్పుకుంటూ వచ్చాం. నీకు మాత్రం ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ అమ్మాయి మనసులో ఏముందో నీకింకా తెలీదు. మన వైపు ఆడపిల్లలు చేతులు పట్టుకుని నడుస్తారు, ఒకరికొకరు జడలేసుకుంటారు, ఒకే దుప్పట్లో పడుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ చనువు మనల్ని కాపాడుతుంది, దాంట్లోనే దారి కూడా తప్పుతాం. బస్సులో ఆవిడ నా భుజమ్మీద తల వాల్చి నిద్రపోతే అది ప్రేమో, ప్రయాణపు బడలికో తేల్చుకోలేక, మూడేళ్ళపాటు ఇన్‌లాండ్ లెటర్లలో వానల గురించీ, పిల్లల పరీక్షల గురించీ రాశాను. చివరికి ఆవిడే అడిగింది. ఆ మూడేళ్ళు పోయినందుకు ఇప్పటికీ నాకు దుఃఖమే.

నువ్వలా చెయ్యకు. స్టేటస్‌లో పాటలు పెట్టి, తనే అర్థం చేసుకుంటుందని కూర్చోకు. "మళ్ళీ కలవాలనుంది. నాకిది స్నేహం కంటే ఎక్కువనిపిస్తోంది. నీకెలా ఉంది?" అని అడిగెయ్యి. కాదంటే బతిమాలొద్దు, తన మాట నలుగురిలో పెట్టొద్దు.

ఔనంటే పగలు, జనం తిరిగే చోట కలవండి. ఎక్కడికెళ్తున్నావో నాకు మెసేజ్ పెట్టు. దాచుకోవాల్సిన ఫొటోలు ఫోన్లో పంపుకోకండి, ఎంత నమ్మకమున్నా సరే. ఒక్క రాత్రి రైల్లో అందరం మంచివాళ్ళమే. ఆకలేసినప్పుడు, ఆటో దొరకనప్పుడు, ఇంటి నుంచి తిట్లు వచ్చినప్పుడు మనిషి ఎలా ఉంటుందో చూశాక కలిసుండటం గురించి మాట్లాడుకోండి.

మీ అమ్మ సంబంధాలు చూస్తోందని తెలుసు. తనని సంతోషపెట్టడానికి తల వంచకు, పీటల మీద కూర్చునే ఆ అబ్బాయిదీ జీవితమే. అలాగని కోపంలో, ఫోన్లో నిజం చెప్పకు. జీతం నీ ఒక్కదాని ఖాతాలో పడాలి, సర్టిఫికెట్లు, ఆధార్ నీ చేతిలో ఉండాలి, ఆ తర్వాతే చెప్పు. కావాలంటే నేను పక్కన కూర్చుంటాను. డాక్టరు దగ్గర మార్పిస్తామంటే ఒప్పుకోకు. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మన ప్రేమ నేరం కాదంది. ఆ రోజు మేమిద్దరం టీవీ ముందు ఏడ్చాం. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్ళి హక్కు ఇవ్వలేమంది. కానీ 2024 డిసెంబరులో, తన సహచరిని తండ్రి నిర్బంధించాడని ఒకమ్మాయి వేసిన పిటిషన్ మీద, మేజరైన ఆడపిల్ల తనకిష్టమైన మనిషితో ఉండొచ్చని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. ఇది గుర్తుపెట్టుకో.

పెళ్ళి కాగితం లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. టీచరత్తకి ఆపరేషనప్పుడు ఆసుపత్రిలో "మీరేమవుతారు?" అని అడిగారు. "అక్కనండి" అన్నాను. సంతకం చెల్లదని, తణుకు నుంచి వాళ్ళ తమ్ముడు వచ్చేదాకా ఆపారు. ఆ నాలుగు గంటలూ వరండాలో నిలబడే ఉన్నాను. అందుకే, రేపు మీరిద్దరూ ఒక ఇంట్లో ఉంటే ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవండి, ఒకరికొకరు నామినీగా రాసుకోండి. మనలాంటి వాళ్ళకు ఇందులో అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. వీలునామా కూడా రాయించుకోండి. మేం ఆ ఆపరేషన్ తర్వాతే రాయించాం.

ఈ ఉత్తరం రాయొచ్చా అని టీచరత్తని ముందే అడిగాను. రాశాక చదివి వినిపించాను. ఆ బస్సు సంగతి దగ్గర ఆపి, "నాకు నిద్ర పట్టలేదసలు" అంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఇప్పుడు చెప్తోంది!

ఆ అమ్మాయి ఏమన్నా సరే, వచ్చే ఆదివారం రా. పనసపొట్టు కూర చేస్తానంటోంది.

మీ పిన్ని