అడగకుండా స్కూల్లో టీకా వేశారు: మా కేసు నిలుస్తుందా?

సందేహం: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరులోని మహదేవపురలో ఉంటున్నాం. పదహారు నెలల కిందట మా అమ్మాయి చదువుతున్న స్కూల్లో ఒక ప్రైవేటు క్లినిక్ వారితో శిబిరం పెట్టించి పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయించారు. ఖర్చు టర్మ్ ఫీజులో కలిపి తీసుకున్నారు. ఇంజెక్షన్ వేసిన కాసేపటికి పాపకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక తరగతి గదిలో పడిపోయింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆ రాత్రి మేం పడిన నరకం పగవాడికి కూడా వద్దు. చిన్నప్పుడు ఒక టీకాకు దద్దుర్లు, ముఖం వాపు వచ్చాయని నా భార్య స్కూల్ డైరీలో ముందే రాసింది. తర్వాత స్కూల్‌కు వెళ్లి చాలాసార్లు గొడవపడ్డాం, టీచర్‌తో వాట్సాప్‌లోనూ వాదించాం. ప్రిన్సిపాల్‌పై క్రిమినల్ కేసు పెట్టి స్కూల్ మూయించాలని ఉంది. అడ్మిషన్ సమయంలో అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టాం, అది అడ్డమవుతుందా? టీకా వద్దని ముందే రాసిచ్చినట్టు పాత తేదీతో లేఖ, తెలిసిన డాక్టరు దగ్గర పాత తేదీతో అలర్జీ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోమని ఒక మిత్రుడు అంటున్నారు. ఇకపై పాపకు ఏ టీకా వేయించం. మమ్మల్ని బలవంతం చేయవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సలహా: ఆసుపత్రిలో గడిచిన రెండు రోజుల బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. కేసును తేల్చేది అది కాదు. సూది వేసేముందు ‘ఈ పాపకు ఇదివరకు ఏ ఇంజెక్షన్‌కైనా ఇబ్బంది వచ్చిందా’ అని మిమ్మల్ని గానీ క్లాస్ టీచర్‌ను గానీ ఎవరైనా అడిగారా అన్న ఒక్క విషయం మీదే అంతా ఆధారపడి ఉంది. టీకా వికటించినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. ఎవరి తప్పూ లేకుండానే అరుదుగా ఇంత తీవ్రమైన అలర్జీ రావచ్చు. క్లినిక్ తరఫు వకీలు మొదట చెప్పేది ఇదే, అంతవరకు అది నిజమే. అయితే ఈ పాపకు గతంలో ఒక టీకా పడలేదన్న సంగతి స్కూల్ డైరీలోనే రాసి ఉండగా, ఎవరినీ అడగకుండా సూది వేశారని మీరు చూపగలిగితే, దాన్ని దురదృష్టమని చెప్పి తప్పించుకోవడం వారికి సాధ్యం కాదు.

అడ్మిషన్ ఫారంలో ‘స్కూల్ నిర్వహించే ఆరోగ్య కార్యక్రమాలకు అనుమతిస్తున్నాం’ వంటి గంపగుత్త వాక్యం మాత్రమే ఉంటే, దాన్ని ఈ టీకాకు ఇచ్చిన సమ్మతిగా నిలబెట్టడం వారికి కష్టం. ఏం చేయబోతున్నారో, అందులో ప్రమాదమేమిటో తెలిసి ఇచ్చినదే సమ్మతి అనీ, ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతిని మరొకదానికి వాడుకోకూడదనీ సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. బడిపిల్లలకు తట్టు-రుబెల్లా టీకా వేయడానికి తల్లిదండ్రుల సమ్మతి అక్కర్లేదన్న ఢిల్లీ ప్రభుత్వ ప్రకటనను అక్కడి హైకోర్టు 2019 జనవరిలో కొట్టేసింది. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఖమ్మం జిల్లాది. 2009లో అక్కడ గిరిజన బాలికలపై హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా అధ్యయనం జరిపినప్పుడు, హాస్టళ్లలో ఉన్న పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. పదిమంది మేలు కోసం చేసే పనిలో కూడా, పిల్ల తరఫున అవునో కాదో చెప్పాల్సినవారిని అడిగి తీరాలి. మీ వాదన కూడా ఈ సమ్మతి గీత దాటకూడదు. టీకా మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగారంటే గెలిచే కేసును చేతులారా పోగొట్టుకుంటారు.

మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన సంగతి మరొకటి ఉంది. పాప పడిపోయింది తరగతి గదిలో. టీకా వేశాక అరగంట సేపు పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టి గమనించాలి. తీవ్ర అలర్జీకి మొదట ఇవ్వాల్సిన అడ్రినలిన్ శిబిరంలో సిద్ధంగా ఉండాలి. ఎన్ని నిమిషాలకు పాపను క్లాసుకు పంపారు, అడ్రినలిన్ ఎవరు ఎప్పుడు ఇచ్చారు, శిబిరంలో అసలు డాక్టరు ఉన్నారా అన్నవాటిలో కొన్నింటికైనా జవాబు ఆసుపత్రి కేస్ షీట్‌లో దొరుకుతుంది. నిర్లక్ష్యం పైకే కనిపిస్తున్న కేసుల్లో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో వి.కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసిన ఉదంతం అది.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. పదహారు నెలల్లో స్కూల్‌కు రాతపూర్వకంగా ఒక్క లేఖ ఇవ్వలేదు. ఎన్నిసార్లు గొడవపడినా నోటిమాటకు రసీదు ఉండదు. మొదటి వారంలోనే రాసి ఉంటే సీసీటీవీ దృశ్యాలు దక్కేవి. అవి ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి. మిగిలినవైనా కాపాడుకోండి. ఆ డైరీ పాతపేపర్ల వాడి సంచిలోకి వెళ్లలేదని ఈ రోజే చూసుకోండి. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను అమ్మవద్దు, మార్చవద్దు. ఆ సందేశాలను సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, తెలుగు సందేశాలకు అనువాదం కూడా ఉండాలి. వైద్య వృత్తి నియమావళి, 2002 ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. టీకా పేరు, బ్యాచ్ నంబరు చెప్పమని స్కూల్‌కూ క్లినిక్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. జిల్లా టీకా అధికారికి కూడా ఘటనను రాతపూర్వకంగా తెలియజేయండి. టీకా వేయించుకోమని ప్రజలను కోరే ప్రభుత్వం, వికటించిన ప్రతి సందర్భాన్నీ నమోదు చేసి విచారించాల్సి ఉంటుంది. ఆ నమోదు జరగకపోతే తర్వాతి శిబిరంలో మరో పాపకు ఇదే జరుగుతుంది.

పాత తేదీల లేఖ, సర్టిఫికెట్ ఆలోచన ఈ క్షణమే మానుకోండి. తప్పుడు సాక్ష్యం సృష్టించి న్యాయవిచారణలో వాడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. శిక్ష సంగతి అలా ఉంచినా, ముందే లేఖ ఇచ్చి ఉంటే పదహారు నెలలుగా దాని ఊసెందుకు ఎత్తలేదని అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్నకే మీరు దొరికిపోతారు. ఆ తర్వాత మీ భార్య నిజంగా రాసిన డైరీ మాటను కూడా ఎవరూ నమ్మరు. ఆ మిత్రుడి సలహా ఇంకెప్పుడూ అడగవద్దు.

క్రిమినల్ కేసు ఊహను పక్కన పెట్టండి. వైద్య నిర్లక్ష్యంలో నేరం నిలవాలంటే అది చాలా తీవ్రమైన స్థాయిలో ఉండాలనీ, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలనీ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్కూల్ మూతపడితే మీ పాపకు ఒరిగేదేమీ లేదు.

మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసిన వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులోనే తేలింది కనుక ఫీజు రసీదు మీకు కీలకం; అందరికీ ఉచితంగా వేసే ప్రభుత్వ శిబిరమైతే ఈ తలుపు మూసుకునేది. విద్య ‘సేవ’ కాదని స్కూల్ వాదిస్తుంది, అందుకే క్లినిక్‌ను మొదటి ప్రతివాదిగా చేర్చండి. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కనుక రుసుము లేదు. గడువు రెండేళ్లు, అంటే మీకు మిగిలింది ఎనిమిది నెలలే. లీగల్ నోటీసు పంపినా, విద్యాశాఖకు ఫిర్యాదు చేసినా గడియారం ఆగదు. పాప మైనరు కాబట్టి గడువు పెరుగుతుందని ఎవరైనా చెబితే దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఆసుపత్రి ఖర్చులు పెట్టింది మీరు, మైనరు మీరు కాదు.

ఇక ఏ టీకా వేయించమన్న నిర్ణయం. బలవంతంగా ఎవరికీ టీకా వేయకూడదని 2022 మే 2న జేకబ్ పులియేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజం. అదే తీర్పులో, చట్టబద్ధంగా, అవసరానికి తగినంత మేరకు ఆంక్షలు పెట్టవచ్చనీ ఉంది. పైగా అది ఎవరి శరీరం గురించి వారు తీసుకునే నిర్ణయం. మీరు తీసుకుంటున్నది మీ పాప శరీరం గురించి. ఒక టీకా పడని పిల్లకు అన్నీ పడవని అర్థం కాదు. నిజంగానే కొన్ని పడవని తేలితే, ఆమెకు రక్షణ చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకున్న టీకాలే. తట్టు వంటి జబ్బు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. అందరినీ టీకాల నుంచి దూరం చేసే ప్రచారంలో మీరు చేరితే మొదట నష్టపోయేది మీ ఇంటి పిల్లే.

పదేళ్లకు ఇచ్చే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా వేళ వచ్చేలోగా ఆసుపత్రి రికార్డులతో అలర్జీ నిపుణుడికి చూపించి, ఏది పడలేదో, ఏవి వేయవచ్చో రాయించుకోండి. ఆ నివేదిక నకలు స్కూల్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ రోజు తేదీతో ఉన్న ఆ నిజమైన కాగితమే కమిషన్‌లో మీ ఫిర్యాదుకు జత చేయాలి.