ఓడిపోయిన టీమ్ పేరు రెజ్యూమెలో ఉంటే ఉద్యోగం ఇస్తారా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ బీఎస్ మూడో ఏడాది చదువుతున్నాడు. రెండేళ్లుగా అక్కడి ఫుట్‌బాల్ టీమ్ దగ్గర వీడియోలు, డేటా చూసే పార్ట్‌టైమ్ పని చేస్తున్నాడు. ఈ సీజన్‌లో టీమ్ 12 ఆటలకు 10 ఓడింది, కోచ్‌ను తీసేశారు. వాడు సరిగా తినడం లేదు, ఫోన్ కూడా ఎత్తడం లేదు. తర్వాత స్పోర్ట్స్ అనలిటిక్స్‌లో (ఆటల డేటా విశ్లేషణ) ఎంఎస్ చేస్తానంటున్నాడు. గెలిచే టీమ్ ఉన్న యూనివర్సిటీకి ఇప్పుడే మార్పించాలా, లేక ఈ ఆటల గొడవ మాన్పించి డేటా సైన్స్ ఎంఎస్‌కి పంపాలా? ఇలాంటి టీమ్ పేరు చూస్తే ఉద్యోగం ఇస్తారా? ఇల్లు తాకట్టు పెట్టి పంపాం. “ఓడిపోయే వాళ్లకి నీళ్లు మొయ్యడానికా నిన్ను పంపింది” అని ఒకసారి కోపంలో అనేశాను కూడా. – ఒక తండ్రి

జవాబు: పేర్లు మారతాయి గానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. ప్లేస్‌మెంట్లు తగ్గిన కాలేజీ, ర్యాంకు పడిపోయిన బ్రాంచి, మూతపడిన స్టార్టప్‌లో ఇంటర్న్‌షిప్. అడిగేది ఎప్పుడూ ఒకటే: ఆ మచ్చ మా పిల్లాడికి అంటుకుంటుందా అని. అంటుకోదు. మీ లోన్ గురించి, అబ్బాయి తిండి గురించి మీకున్న భయం న్యాయమైనదే. టీమ్ పేరు గురించిన భయం మాత్రం ఈ రోజే వదిలేయండి.

అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఇలాంటి సీజన్లు కొత్త కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ టీమ్ 1983 నుంచి 1988 దాకా వరసగా 44 ఆటలు ఓడింది. ఆ ఏళ్లలో అక్కడ డిగ్రీ తీసుకున్నవాళ్లను ఇప్పుడు ఎవరైనా చిన్నచూపు చూస్తారా? షికాగో యూనివర్సిటీ 1939లో మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. ఆ ఏడాది చివర్లో ఫుట్‌బాల్‌నే రద్దు చేసుకుంది. మూడేళ్లకు, 1942 డిసెంబరు 2న, ఆటలు ఆగిపోయిన ఆ స్టేడియం గ్యాలరీ కిందనే ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటిసారి నియంత్రిత అణు గొలుసు చర్యను నడిపించింది. యూనివర్సిటీ అంటే దాని స్కోరుబోర్డు అనుకునేవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

గెలిచే టీమ్ ఉన్న చోటికి మార్పించడం గురించి: ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ టీమ్ 2023లో కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల గుంపు) ఫైనల్‌తో కలిపి వరసగా 13 ఆటలు గెలిచింది. అది చూసి ఎవరైనా తమ పిల్లాడిని అక్కడికి మార్పించి ఉంటే, 2024లో వాళ్లు చూసేది 2 గెలుపులు, 10 ఓటములు. కోచ్ కూడా ఆయనే, మైక్ నార్వెల్. అటు ఇండియానా 2023లో 12 ఆటల్లో మూడే గెలిచింది. కొత్త కోచ్ వచ్చిన 2024లో 11 గెలిచి, జాతీయ ప్లేఆఫ్ దాకా వెళ్లింది. గాలివాటంగా మారే దాన్ని పట్టుకుని చదువును నిర్ణయించకూడదు. పైగా మూడో ఏడాదిలో మారితే క్రెడిట్లన్నీ కొత్త చోట లెక్కలోకి రావు. చాలా యూనివర్సిటీలు చివరి 30 క్రెడిట్లు తమ దగ్గరే చేయాలంటాయి. అంటే ఇంకో సెమిస్టరో రెండో, ఆ ఫీజులు మళ్లీ మీ లోన్ మీదే. మీరు వార్తల్లో వినే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ యూనివర్సిటీ మారే ఆటగాళ్ల కోసం, మీ అబ్బాయికి దానితో పని లేదు.

ఇక ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏం చూస్తారో వినండి. నెబ్రాస్కా టీమ్ 2021లో 3 గెలిచి 9 ఓడింది. పట్టికలో చూస్తే ఘోరమైన సీజన్. కానీ ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా 9 పాయింట్ల తేడా దాటలేదు. సీజన్ మొత్తం కలిపితే ఆ టీమ్ చేసినవి 335 పాయింట్లు, ఎదుటివాళ్లకు ఇచ్చినవి 272. ఎక్కువ పాయింట్లు చేసి కూడా మూడింట రెండొంతులకు పైగా ఆటలు ఓడిపోయిందన్న మాట. ఎందుకలా జరిగింది? మూడు ఆటల్లో భారీగా గెలవడం వల్ల మొత్తం అలా కనిపిస్తోందా? దగ్గరి ఆటల్లో ఫోర్త్ డౌన్ (నాలుగో, ఆఖరి ప్రయత్నం) నిర్ణయాలు తప్పాయా, కిక్కర్లు తప్పారా, లేక అందులో కొంత అదృష్టం లేకపోవడమేనా? స్టాటిస్టిక్స్ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. గెలిచిన టీమ్‌లో ఎవరూ ఇంత లోతుగా తవ్వరు, తవ్వాల్సిన అవసరం రాదు. మీ అబ్బాయి తన టీమ్ ఓడిన పది ఆటల మీద ఆరు పేజీలు రాసి, ఇంటర్వ్యూలో కూర్చుని వివరించగలిగితే అది ఏ ట్రోఫీ కంటే బాగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, టీమ్ లోపలి డేటా వాడకూడదు, అది వాళ్ల సొత్తు. బయట అందరికీ దొరికే ప్లే-బై-ప్లే లెక్కలు (ఒక్కో ప్రయత్నంలో ఏం జరిగిందో చెప్పేవి) చాలు.

కోపగించుకోకండి, మీకు ఒక మాట గట్టిగానే చెప్పాలి. నీళ్లు మొయ్యడం అన్నారు. వాడు చేసే పని ఏమిటో ఒక్కసారైనా అడిగారా? ఆట శనివారం అయిపోతుంది. ఓడినా సరే, ఆ రాత్రే వీడియోను ముక్కలు చేయాలి. ఏ డౌన్, ఎన్ని గజాలు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని ఒక్కో ముక్కకీ గుర్తు పెట్టాలి. ఆదివారం కోచ్‌లు కూర్చునేసరికి అది సిద్ధంగా ఉండాలి. ఓడిన పదిసార్లూ ఆ పని చేశాడు మీ కొడుకు. ఇరవై ఏళ్ల వయసులో అంత నిబ్బరం ఎంతమందికి ఉంటుంది? ఆ మాట అన్న తర్వాతే ఫోన్ ఎత్తడం మానేశాడేమో ఆలోచించండి. తిండి మానేయడం టీమ్ ఓడినందుకేనని మీరు అనుకుంటున్నారు. మీరు కూడా తనను ఓడిపోయినవాడిగానే చూస్తున్నారని వాడు అనుకుంటూ ఉండొచ్చు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి, తెలుగులోనే పెట్టండి. రూమ్‌మేట్ నంబర్ తీసుకుని ఎలా ఉన్నాడో కనుక్కోండి. విద్యార్థుల కోసం యూనివర్సిటీలోనే కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, అక్కడికి వెళ్లడం తప్పు కాదని మీ నోటితో చెప్పండి. తండ్రి చెబితే ఆ గుమ్మం ఎక్కడం పిల్లలకు తేలికవుతుంది.

ఇప్పుడు స్పోర్ట్స్ అనలిటిక్స్. ఇక్కడ నా అనుమానాలు దాచుకోను. ఈ మధ్య ప్రతి బ్యాచ్‌లోనూ క్రికెట్ అంటే ప్రాణం, లెక్కలు వచ్చు అంటూ ఈ కోర్సు అడిగే పిల్లలు కనిపిస్తున్నారు. ఆసక్తి మంచిదే. కానీ తలుపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నవి 32 టీమ్‌లు. ఒక్కో టీమ్‌లో ఈ పని చేసే విభాగం చిన్నది. మన ఐపీఎల్‌లో 10 టీమ్‌లు. ఆ కొద్ది సీట్ల కోసం ఆటంటే పిచ్చి ఉన్నవాళ్లు తక్కువ జీతానికైనా సిద్ధపడి వస్తారు, అందుకే మొదట్లో జీతాలు పెరగవు. కోచ్ మారితే కింది సిబ్బంది కూడా మారిపోతారు. అది మీవాడు ఈ నెలలోనే కళ్లారా చూశాడు.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. స్టాటిస్టిక్స్ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువులు) కిందకి వస్తుంది కాబట్టి 12 నెలల ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసే అనుమతి) మీద ఇంకో 24 నెలలు పని చేసుకునే వీలుంది. స్పోర్ట్స్ అనలిటిక్స్ పేరుతో ఉన్న కోర్సులన్నీ అలా కాదు. కొన్నిటిని స్పోర్ట్ మేనేజ్‌మెంట్ కోడ్ కింద నడుపుతారు, ఆ కోడ్ స్టెమ్ జాబితాలో లేదు. బ్రోచర్ మీద ఏం రాశారన్నది పక్కన పెట్టి, సీఐపీ కోడ్ (ప్రభుత్వ జాబితాలో ఆ కోర్సు నంబరు) ఎంత అని ఈమెయిల్‌లో అడగమనండి. జవాబు చేతికి రాకుండా ఒక్క డాలర్ కట్టొద్దు. ఇల్లు తాకట్టులో ఉన్న కుటుంబానికి ఆ రెండేళ్ల తేడా చాలా పెద్దది.

అందుకని ఆటను మాన్పించమని నేను చెప్పను. ఎన్ఎఫ్ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ అనే పోటీ పెడుతుంది. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో చిప్‌లు ఉంటాయి, సెకనుకు పది సార్లు ఎవరు ఎక్కడ ఉన్నారో నమోదవుతుంది. ఆ డేటాలో కొంత బయటికి ఇస్తారు, ఎవరైనా పాల్గొనొచ్చు. అందులో మెరిసి టీమ్‌లలో ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఉన్నారు. దీనికి ప్రత్యేకమైన ఎంఎస్ అక్కర్లేదు, స్టాటిస్టిక్స్ బలంగా ఉంటే చాలు.

రెండు ఎంఎస్‌లను పోల్చమన్నారు. నా మాట అడిగితే రెండిటికంటే స్టాటిస్టిక్స్‌లోనే ఎంఎస్ మేలు. దానితో బ్యాంకు, ఫార్మా, ఇన్సూరెన్స్, ఆట ఏ వైపైనా వెళ్లొచ్చు. డేటా సైన్స్ కూడా చెడ్డది కాదు, కానీ వాడికి ఇప్పటికే వచ్చినదాన్ని సగం మళ్లీ నేర్పే కోర్సులు అందులో చాలా ఉన్నాయి. సిలబస్ చూశాకే నిర్ణయించుకోమనండి.

ఒక పని మాత్రం ఈ వారమే జరగాలి. కోచ్‌ను తీసేశాక ఆయన సిబ్బంది తలా ఒక ఊరికి, వేరే యూనివర్సిటీలకు వెళ్లిపోతారు. వాళ్లు గది ఖాళీ చేసేలోపే, తన పని దగ్గరగా చూసిన ఇద్దరిని సిఫార్సు ఉత్తరాలు అడగమనండి. రేపు వాళ్లు చేరిన కొత్త చోట ఖాళీ వస్తే ముందు గుర్తొచ్చేది ఓడిన రాత్రుల్లో కూడా పని ఎగ్గొట్టని ఈ కుర్రాడే. కొత్త కోచ్ మనుషులు వచ్చాక కూడా వెళ్లి కలవమనండి. అక్కడి కంప్యూటర్లు, పాత వీడియోలు ఎక్కడున్నాయో తెలిసినవాడు వాళ్లకూ కావాలి.

ఈ ఆదివారం మీరు ఫోన్ చేసినప్పుడు మార్పించడం గురించి, ఎంఎస్ గురించి ఎత్తకండి. ఆ పది ఆటల్లో ఏది గెలవాల్సింది, ఎక్కడ పోయింది అని అడగండి. ఆ ఆట మీకు అర్థం కాకపోయినా పది నిమిషాలు వినండి. ఆరు పేజీలు రాశాక నాకు పంపమనండి, నేను చదివి పెడతాను.