నగలు కుదువపెట్టి టార్గెట్ పూర్తి చేశాను; ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది కావలి. నా వయసు 33. ఏడేళ్లుగా రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఆఫీసరుగా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాలు చూస్తున్నాను. చెరువుల మీద తిరగడం, రైతులతో మాట్లాడటం నాకు ఇష్టం. నెలాఖరు వస్తే మాత్రం నిద్ర పట్టదు. మార్చి క్లోజింగులో, అంటే ఏడాది అమ్మకాల లెక్క ముగించేటప్పుడు, టార్గెట్ పూరించడానికి నా భార్యకు చెప్పకుండా ఆమె నగలు కుదువపెట్టి, డీలరు పేరున స్టాకు ఎత్తించాను. ఆ సొమ్ములో సగం కూడా తిరిగి రాలేదు. చీమకుర్తిలో గ్రానైటు వ్యాపారం చేసే మా మామగారు వచ్చి లెక్కలు చూసుకోమంటున్నారు. నా భార్య మాటా అదే. మానేయాలా?

సమాధానం: మీరు అడిగింది ఉద్యోగం గురించి. కాని మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన నగల సంగతి. అది తేలేదాకా ఉద్యోగం విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దని నా సలహా.

శ్రావణ మాసంలోనో, బంధువుల పెళ్లికో ఆమె నగలు అడిగిన రోజున ఈ విషయం బయటపడితే, పోయిన డబ్బు కంటే దాచిన మాటే ఆమెను ఎక్కువ బాధిస్తుంది. అప్పటికి మీరు మామగారి దగ్గర జీతం తీసుకుంటూ ఉంటే ఆ బాధ రెండు ఇళ్లకూ పాకుతుంది. అందుచేత ఈ వారంలోనే, ఇంట్లో మీరిద్దరే ఉన్న సమయంలో, కుదువ రసీదు ఆమె చేతికిచ్చి, అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, డీలరు నుంచి రావలసింది ఎంత అన్నది పూర్తిగా చెప్పండి. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి; కంపెనీ ఒత్తిడిని సాకుగా చూపి ఆ కోపాన్ని మధ్యలో ఆపకండి.

అలాగని తప్పంతా మీ చేతకానితనమని నేను అనుకోవడం లేదు. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంటును బట్టి రైతుకు వచ్చే ధరలు పడిపోయి, చాలామంది రైతులు చెరువుల్లో రొయ్య పిల్ల వేయడానికే వెనుకాడారు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కనుక చెరువులు ఖాళీగా ఉంటే మొదట తగ్గేది మీ అమ్మకమే. పాత అమ్మకాలను బట్టి వేసిన టార్గెట్‌ను మీ మాటకారితనంతో పూరించలేరు. పైగా క్లోజింగు కోసం ఎత్తించిన స్టాకు డీలరు గోదాములో తేమకు బూజు పట్టవచ్చు. అది కదలనంతకాలం తరువాతి నెల ఆర్డరు కూడా ఆగిపోతుంది. డీలరు నుంచి బాకీని లిఖితపూర్వకంగా తీసుకోండి. మీ మండలాల్లో ఎన్ని చెరువుల్లో పిల్ల వేశారో, అందులో ఎంత మేత అమ్మగలరో మేనేజరుకు రాసి పంపండి. ఇంటి సొమ్ము ఇకమీదట ఒక్క బస్తాకు కూడా పెట్టవద్దు.

ఇంకొక చిన్న విషయం కూడా ఉంది. పెట్రోలుకు, భోజనానికి ముందుగా మీ జేబులోంచి పెట్టి, బిల్లులు ఆలస్యంగా పెట్టడం మీ వృత్తిలో చాలామందికి అలవాటు. ఆ ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకుంటే, జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత అన్నది మీ భార్యకూ స్పష్టంగా కనిపిస్తుంది.

మీకు ఈ పని మీద ఉన్న ఇష్టాన్ని నేను తేలికగా తీసుకోను. ఒక రైతు రొయ్యలకు తెల్లమచ్చల వ్యాధి సోకిందన్న భయంతో తెల్లవారుజామున ఫోను చేసేది మీకే అయితే, ఆ నమ్మకం ఏడేళ్లు ఎండలో తిరిగితేనే వచ్చింది. గదిలో కూర్చుని లెక్కలు చూసే పనిలో అది దొరకదు. అయినా నిద్రలేమి ఇలాగే కొనసాగితే వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మామగారికి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పకుండా, ఒక పంటకాలం, అంటే సుమారు నాలుగు నెలలు, గడువు అడగండి. ఆలోగా నగలు ఎంతవరకు విడిపించగలిగారో, మేనేజరు మీ లెక్కను ఎంతవరకు ఒప్పుకున్నారో చూసి, వెళ్లాలా ఉండాలా అన్నది మీ భార్యతో కలిసి తేల్చుకోండి.