కర్నూలులో ఫ్లూ పెరుగుతోందో తగ్గుతోందో వారం వారం ఎలా తెలుసుకోవాలి?

కర్నూలు టౌన్‌లో నాలుగైదు క్లినిక్కులు కలిసి ఫ్లూ లెక్క రాయాలంటే ఏం చూడాలి, పేపర్లో వచ్చే స్వైన్ ఫ్లూ కేసుల సంఖ్య సరిపోదా అని అడిగారు.

సరిపోదు. ప్రభుత్వ మార్గదర్శకాల్లో రోగుల్ని జబ్బు తీవ్రతను బట్టి ఏ, బీ, సీ అని విడదీస్తారు. ఏ, బీ వాళ్లకు పరీక్షే అక్కర్లేదు, ఆయాసంతో అడ్మిటయ్యే సీ వాళ్లకే స్వాబ్ తీస్తారు. అంటే పేపర్లో పడేది ఊళ్లో ఉన్న ఫ్లూలో చివరి కొస మాత్రమే. పైగా మన పెద్దాసుపత్రికి నంద్యాల, గద్వాల వైపు నుంచి కూడా వస్తారు. అడ్రసు చూడకుండా ఆ అంకెను టౌన్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

మీరు లెక్కపెట్టాల్సింది ఐఎల్ఐ, అంటే ఫ్లూ లాంటి జబ్బు. డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (మన థర్మామీటర్లో 100.4) లేదా అంతకు పైన ఉండాలి, దగ్గు ఉండాలి, మొదలై 10 రోజులు దాటకూడదు. దగ్గు షరతును మాత్రం సడలించకండి. వానాకాలం, ఆ తర్వాత రెండు నెలలు, దగ్గు అంతగా ఉండని డెంగీ కూడా తిరుగుతుంటుంది. అన్నిటికీ 'వైరల్ ఫీవర్' అని రాసేస్తే రెండూ కలిసిపోతాయి. మెడికల్ షాపులో పారాసిటమాల్ అమ్మకాలు చూసి ఫ్లూని అంచనా వేసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో చిక్కు, మనవాళ్లు డోలో (పారాసిటమాల్ మాత్ర) వేసుకుని గానీ డాక్టరు దగ్గరికి రారు. థర్మామీటర్లో ఏమీ కనపడదు. అలాంటివాళ్లకు 'ఇంట్లో జ్వరం' అని వేరే గడి పెట్టండి. కొలిచిన జ్వరంతో కలిపేయొద్దు, అలాగని వదిలేయనూ వద్దు. మూడో రోజు మళ్లీ చూపించుకోడానికి వచ్చినవాళ్లు కొత్త కేసు కాదు. వయసు 5 లోపు, 5 నుంచి 64, 65 పైన అని మూడు గుంపులు చాలు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా.

కేసుల సంఖ్యతో పాటు ఆ వారం మొత్తం ఓపీ ఎంతో తప్పకుండా రాయండి. 200 ఓపీలో 10 మంది ఐఎల్ఐ అంటే 5 శాతం. సంక్రాంతి వారంలో బీపీ, షుగర్ వాళ్లు మాత్రలు అయిపోయినా పండగయ్యాక చూద్దాంలే అని ఆగుతారు. ఓపీ 100కి పడి, జ్వరాలు అదే 10 ఉంటే శాతం 10కి ఎగబాకుతుంది, నిజానికి ఏమీ పెరగలేదు. అందుకే సంఖ్య, శాతం రెండూ పక్కపక్కనే చూడాలి, మూడు వారాల సగటు గీయాలి. ఏదైనా క్లినిక్ లెక్క పంపకపోతే ఆ గడి ఖాళీగా వదలండి. సున్నా వేస్తే గీత ఊరికే కిందికి దిగుతుంది.

ఐఎల్ఐ అంతా ఫ్లూ కాదు, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ (శ్వాసకు సంబంధించిన మరో వైరస్) కూడా అలాగే ఉంటాయి. వీలైతే ప్రతి క్లినిక్ నుంచి వారంలో ముందుగా వచ్చిన ఇద్దరికి స్వాబ్ తీయించండి. బాగా నీరసంగా ఉన్నవాళ్లను ఏరి తీస్తే పాజిటివ్ శాతం మారిపోతుంది. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల్లోపు తీయాలి. పుల్లకు దూది చుట్టిన స్వాబ్ పనికిరాదు, నైలాన్ లేదా డాక్రాన్‌ది కావాలి. వీటీఎంలో (వైరస్ చెడకుండా ఉంచే ద్రవం) వేసి 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి, 48 గంటల్లో ఆర్‌టీ-పీసీఆర్ చేసే ల్యాబుకు చేర్చాలి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో ఐస్ ప్యాక్ లేకుండా పంపితే వచ్చే నెగెటివ్‌ను నమ్మొద్దు. ర్యాపిడ్ కార్డు నెగెటివ్ కూడా అంతే, అది చాలా కేసుల్ని వదిలేస్తుంది.

దేశంలో ఫ్లూ మామూలుగా జనవరి–మార్చిలో ఒకసారి, ఆగస్టు–అక్టోబరులో మరోసారి పెరుగుతుంది. మొదటి ఏడాది లెక్కతో 'హద్దు దాటింది' అనొద్దు, పోల్చడానికి కనీసం మూడు సీజన్లు చేతిలో ఉండాలి. అప్పటిదాకా రెండు వారాలు వరుసగా శాతమూ సంఖ్యా కలిసి పెరిగితే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులోని జిల్లా నిఘా విభాగానికి చెప్పండి. ఐహెచ్‌ఐపీ అనే ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్‌లో డాక్టర్లు నింపేది పీ ఫారం. మీ క్లినిక్కులకు దాని లాగిన్ ఇమ్మని అడిగేదీ అక్కడే.