మంచు మీద తెల్లటి అక్షరాలు: అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో "లెట్ మి ఇన్" చూశానని, రాత్రంతా దీపం ఆర్పలేదని చెప్పావు. దానికి మూలమైన స్వీడిష్ చిత్రం కూడా చూడమంటే, "కథ ఒకటే కదా పెదనాన్నా, తెర కింద అక్షరాలు చదువుకుంటూ భయపడటం నా వల్ల కాదు" అని తేల్చేశావు. ఫోనులో వాదించడం నాకు చేతకాదు కనుక ఈ ఉత్తరం. కథ ఒకటేనన్న మాట నిజమే. అయితే భయపెట్టే సినిమాలో కథ వంతు చాలా తక్కువని, ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనల్లో ఇనుప కుర్చీల మీద నలభై ఏళ్లు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

ఆ స్వీడిష్ చిత్రం "లెట్ ది రైట్ వన్ ఇన్" 2008లో వచ్చింది. యోన్ ఐవిదె లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన నవలకు ఆయనే స్క్రీన్‌ప్లే రాసుకోగా టోమాస్ ఆల్ఫ్రెడ్‌సన్ దర్శకత్వం వహించాడు. కథ జరిగేది రచయిత పెరిగిన ఊళ్లోనే, అంటే స్టాక్‌హోమ్ శివారులోని బ్లాకెబెర్గ్‌లో, 1980ల మొదట్లో. కావలసినంత మంచు దొరకాలని చాలా భాగం ఉత్తరాన లూలియోలో తీశారు. మరో రెండేళ్లకే, 2010లో, మాట్ రీవ్స్ ఈ కథను న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌కు, 1983వ సంవత్సరానికి తరలించాడు. నువ్వు చూసినది అదే.

అందులో లేని ఒక దృశ్యం చెబుతాను. కథానాయకుడైన పన్నెండేళ్ల ఓస్కార్ పల్లెలో ఉంటున్న తండ్రి దగ్గరికి వెళతాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద గళ్లు గీసుకుని సున్నాలూ ఇంటూలూ ఆడుకుంటూ ఉంటారు, పిల్లవాడు హాయిగా నవ్వుతూ ఉంటాడు. ఇంతలో తండ్రి స్నేహితుడు వచ్చి కూర్చుంటాడు, సీసా బల్ల మీదికి వస్తుంది, తండ్రి ముఖం కొద్దిగా మారుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ఆ మౌనంలో ఓస్కార్ ఆ సీసాను, ఆ తర్వాత తండ్రిని చూసే చూపు ఉంది చూశావూ, నెత్తురు తాగే పిల్ల ఏలి వెంట వీడు ఎందుకు వెళ్లిపోతాడో మొత్తం అక్కడే తెలిసిపోతుంది. రీమేక్‌లో తండ్రి ఫోనులో వినిపించే గొంతు మాత్రమే.

అలాగే, ఆ పిల్లతో పాటు ఉండే పెద్దమనిషి ఎవరు? రీమేక్‌లో ఒక పాత ఫోటో చూపించి, అతడు కూడా ఒకప్పుడు ఇలాంటి కుర్రవాడేనని నీకు విప్పి చెప్పేశారు. స్వీడిష్ చిత్రంలో హోకన్ అనే ఆ మనిషి గతం గురించి ఒక్క ముక్క లేదు. తండ్రా, బానిసా, ప్రేమికుడా అన్న ప్రశ్న నీ దగ్గరే ఉండిపోతుంది, సినిమా చూసిన మూడో రోజున స్నానం చేస్తుండగా మళ్లీ గుర్తుకొస్తుంది.

ఇక అక్షరాల సంగతి. సబ్‌టైటిల్స్ భయానికి అడ్డు అనుకుంటున్నావు, నా అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. ఇంగ్లిష్ సినిమా అయితే నువ్వు చెవిని తెర దగ్గర వదిలి కన్నును సెల్‌ఫోనులోకి తిప్పగలవు, తిప్పుతావు కూడా. భాష తెలియని సినిమాలో ఆ వీలు లేదు, చూపు పక్కకు పోతే కథ చెయ్యి జారుతుంది కనుక రెండు గంటల పాటు నీ కళ్లు తెరకు కట్టేసి ఉంటాయి. భయానికి కావలసింది సరిగ్గా ఆ కట్టుబాటే. పైగా మాటల అర్థం అక్షరాల నుంచి అందుతూ ఉంటే చెవికి వేరే పని మిగులుతుంది: ఊపిరి, మంచులో అడుగుల చప్పుడు, గొంతులోని వణుకు అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. మొదటి పది నిమిషాలు ఇబ్బందిగా ఉంటుందని ఒప్పుకుంటాను. ఆ తర్వాత చదువుతున్నానన్న స్పృహే ఉండదు.

కాకపోతే కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ముందుగా ఆడియో స్వీడిష్‌లో ఉందో లేదో చూసుకో, ఇంగ్లిష్ డబ్బింగ్ పొరపాటున కూడా పెట్టకు. ఏలి పాత్ర వేసిన లీనా లియాండర్‌సన్ గొంతు మరీ లేతగా ఉందని, ఎలిఫ్ జైలాన్ అనే మరో అమ్మాయి చేత ఆ మాటలు చెప్పించారు. చిన్నపిల్ల ముఖంలోంచి ఏ వయసూ లేని గొంతు రావాలని అంత శ్రమపడితే, దాని మీద మనం ఇంకో గొంతు అతికించడం అన్యాయం. రెండవది, వినికిడి సమస్య ఉన్నవారి కోసం చేసిన సబ్‌టైటిల్స్ నీకు అక్కరలేదు. తలుపు కిర్రుమనడానికి అర సెకను ముందే "తలుపు కిర్రుమంది" అని తెర మీద పడితే ఇంకేం భయం! అక్షరాలను మరీ పెద్దవి చేయకు, ఒక్క చూపులో చదివి వెంటనే ముఖాల మీదికి కళ్లెత్తాలి. మా రోజుల్లో మంచు దృశ్యాల మీద తెల్లటి అక్షరాలు పడి సగం మాటలు ఊహించుకోవలసి వచ్చేది, నీకు ఆ బాధ లేదు, నల్లటి అంచు పెట్టుకోవచ్చు.

సబ్‌టైటిల్స్‌ను గుడ్డిగా నమ్మమని మాత్రం చెప్పను. ఈ సినిమాకే 2009లో అమెరికాలో డీవీడీ వచ్చినప్పుడు, థియేటర్లలో వేసిన చక్కటి అనువాదం బదులు చప్పగా కుదించిన వేరే అనువాదం పెట్టారు. చమత్కారాలు ఎగిరిపోయాయి, కొన్ని మాటలు అసలు లేనే లేవు. ప్రేక్షకులు గోల చేశాకే పాత అనువాదంతో మళ్లీ డిస్కులు వేశారు. కాబట్టి ముఖం ఎంతో చెబుతున్నా కింద రెండే పొడి మాటలు కనిపిస్తుంటే అనుమానించు, వేరే ప్రతి వెతుక్కో.

పిలవనిదే ఏలి గడప దాటజాలదన్న విషయం నీకు తెలుసు. మన పల్లెల్లో తలుపుల మీద సుద్దతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న కాలం నేను ఎరుగుదును. వచ్చినది ఆ రాత చదివి వెనుదిరుగుతుందని నమ్మకం. ఇక్కడ ఓస్కార్ ఆటపట్టిస్తూ, రమ్మని నోటితో అనకుండా చేత్తో మాత్రం సైగ చేస్తాడు. ఏలి లోపలికి వచ్చి మౌనంగా నిలబడుతుంది, కాసేపటికి ఆమె ఒంటి నుంచీ కళ్ల నుంచీ నెత్తురు కారడం మొదలవుతుంది. వాడు హడలిపోయి "నువ్వు లోపలికి రావచ్చు" అని అరుస్తాడు. రీమేక్‌లోనూ ఇది ఉంది, చూశావు. రెండూ చూశాక వాటిలో నిశ్శబ్దం ఎంతెంత సేపు ఉందో పోల్చి చూడు.

రీమేక్‌ను నేను చిన్నచూపు చూడటం లేదు. కారు బోల్తా పడటాన్ని లోపలి నుంచే చూపిన ఆ షాట్ మూలంలో లేదు, అది రీవ్స్ సొంత సొమ్ము, చాలా బాగుంది. ఆసుపత్రి టీవీలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ చెడు గురించి ఉపన్యసిస్తూ ఉండటం కూడా అమెరికాకు సరిగ్గా అతికింది. కానీ వంతెన కింద హత్యను ఆల్ఫ్రెడ్‌సన్ దూరం నుంచి, పిల్లి ఎలుకను పట్టినంత మామూలుగా చూపించి, ఆ తర్వాత ఏలి శవం మీద వాలి దుఃఖపడటం చూపిస్తే, అలాంటి చోటే రీమేక్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పిల్లను గెంతించింది. గెంతులు చూసి ఉలిక్కిపడతాం, అంతే.

శనివారం రాత్రి భోజనాలయ్యాక, దీపాలు ఆర్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడివే చూడు. రెండు గంటలకు కాస్త తక్కువే. చివరి రైలు దృశ్యంలో పెట్టె లోపలి నుంచి ఏలి మోర్స్ సంకేతాల్లో తట్టిన చప్పుడు వస్తుంది, ఓస్కార్ తిరిగి తడతాడు. వాడు తట్టిన మాట "పుస్", స్వీడిష్‌లో చిన్న ముద్దు అని అర్థం. దానికి కింద అక్షరాలేవీ పడవు, అందుకే ముందుగా చెప్పి ఉంచుతున్నాను. ఆదివారం పొద్దున్నే ఫోను చెయ్యి, తండ్రి బల్ల దృశ్యం గురించి ముందు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న