స్ప్రింగు కొనే ముందు డై బరువు తూచు

చిరంజీవి రాఘవకు, మామయ్య ఆశీస్సులు.

విస్తరాకుల ప్రెస్సుకు ఫ్రేము సిద్ధమైందని, పెడల్ వదలగానే పై డైని, అంటే ఆకును నొక్కే పై అచ్చును, పైకి లాగే టెన్షన్ స్ప్రింగులే (సాగదీస్తే వెనక్కి లాగేవి) మిగిలాయని రాశావు. చాలా సంతోషం. కానీ ‘బాగా గట్టి స్ప్రింగు’ ఎక్కడ దొరుకుతుందని అడిగావు చూడు, అది నాకు నచ్చలేదు. గట్టి స్ప్రింగు పెడితే డై ఠక్కున లేస్తుంది, నిజమే. రోజంతా పెడల్ తొక్కే మీ అమ్మ మోకాళ్లు ఏమైపోవాలి?

ముందు పై డైని, దానితో కదిలే భాగాలన్నింటినీ కొక్కెం కాటాకు తగిలించి తూచు. డై ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో కొలువు. బరువు 12 కిలోలు, దిగేది 50 మిల్లీమీటర్లు అనుకుందాం. డై పైన ఉన్నప్పుడే స్ప్రింగులు 14 కిలోల బలంతో పట్టి ఉంచాలి. లేకపోతే అది దానంతట అదే జారుతుంది, కింద చెయ్యి ఉంటే నలుగుతుంది. రెండు స్ప్రింగులు పెడితే ఒక్కోదానికి 7 కిలోలు. మిల్లీమీటరుకు 100 గ్రాముల చొప్పున బిగిసే స్ప్రింగయితే, డై కిందికి వచ్చేసరికి రెండూ కలిసి 24 కిలోలు లాగుతాయి. డై బరువు పోను, స్ప్రింగుల కోసం అదనంగా నొక్కాల్సింది 12 కిలోలే. అదే 300 గ్రాముల స్ప్రింగయితే 32 కిలోలు!

కాబట్టి నీకు కావలసింది పొడవైన, మెత్తని స్ప్రింగు. తీగ మందం రెట్టింపైతే బిగువు 16 రెట్లవుతుంది. చుట్లు రెట్టింపైతే సగానికి తగ్గుతుంది. 2.5 మి.మీ. ఉక్కు తీగ, 24.5 మి.మీ. బయటి వ్యాసం, 37 చుట్లు అయితే దాదాపు 100 గ్రాముల లెక్కకే వస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడుగు. కొలతలన్నీ కాగితం మీద రాసివ్వు, తీగ ఐఎస్ 4454 ప్రకారం, అంటే స్ప్రింగు ఉక్కు తీగలకున్న భారతీయ ప్రమాణం ప్రకారం, ఉండాలని చెప్పు. మోటారు సైకిల్ సైడ్ స్టాండు స్ప్రింగు చవకే, కానీ పొట్టిది, ఇంత సాగదు. పాత ఇనుము కొట్లో దొరికేది ఎంత వాడి పారేశారో తెలియదు, వద్దు.

టెన్షన్ స్ప్రింగు ఎక్కువగా తెగేది కొక్కెం మెడ దగ్గరే. కొక్కెం వంగిన చోట లోపలివైపు గోరుతో తడిమి చూడు. పట్టకారు కొరికిన గాటు తగిలితే తిరిగి ఇచ్చెయ్యి, పగులు అక్కడే మొదలవుతుంది. కొక్కేన్ని కాల్చి వంచకు, వెల్డింగ్ అసలే వద్దు. ఆ వేడికి తీగ టెంపరు, అంటే సాగి మళ్లీ ముడుచుకునే గుణం, పోతుంది.

స్ప్రింగుకు 7 కిలోలు వేలాడదీసి పొడవు కొలువు. డై పైన ఉన్నప్పుడు కొక్కేల మధ్య అంతే దూరం ఉండాలి. 12 కిలోలు వేలాడదీసి దించాక మొదటి పొడవుకు రాకపోతే అది పనికిరాదు. బిగించేటప్పుడు స్ప్రింగు లోపలి నుంచి సన్నని ఇనుప తాడు పోనిచ్చి, పూర్తిగా సాగడానికి సరిపడా వదులుంచి, రెండు చివరలా ఫ్రేముకు కట్టు. తెగినా ముక్క ఎగిరి మొహానికి తగలదు.

డై అసలు బరువెంతో రాయి, చుట్ల లెక్క నేను వేసి పంపుతాను.

మామయ్య