వాల్తేరులో మొదటి ఏడాది

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్లో ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. "నా వల్ల కాదు, చదువు మానేసి వచ్చేస్తాను" అన్నావట. మీ నాన్న తెల్లారి మొదటి బస్సుకే బయలుదేరి నిన్ను తీసుకొచ్చేస్తానన్నాడు. నేనే ఆపాను. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను. కాస్త తీరిక చేసుకుని చదువు. మధ్యలో కోపం వస్తే పక్కన పెట్టి, రేపు మళ్ళీ తీసి చదువు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎమ్మెస్సీ బోటనీ రెండో సెమిస్టర్ పరీక్షలు రాసేదాకా వెనక్కి రావద్దు. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే మీ నాన్నతో నేనే మాట్లాడతాను. కానీ ఈలోగా నాకోసం ఒక పని చెయ్యాలి. తెలియనిది తెలియదని పైకి చెప్పి, అడగాలి. రోజూ అడగాలి. నేనూ ఆ ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివాను, ఆ తర్వాత ఉద్యోగమున్నంత కాలం డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పాను. చదువు మధ్యలో వదిలేసిన పల్లెటూరి పిల్లల్ని చాలామందిని చూశాను. తెలివి చాలక వెళ్ళిపోయినవాళ్ళు నాకు గుర్తు లేరు. పాఠం అర్థం కాలేదన్న సంగతి ఎవరికీ తెలియకూడదని ముందు వెనక బెంచీకి, తర్వాత హాస్టల్ రూముకి, ఆఖరికి ఇంటికి జరిగిపోయినవాళ్ళే ఎక్కువ. నువ్వు ఇప్పటికే వెనక బెంచీలో కూర్చుంటున్నావని విన్నాను. రేపటి నుంచి రెండో వరసలోకి రా.

నీ డిగ్రీ పేరుకి ఇంగ్లీష్ మీడియమే గానీ పాలకొండలో మీ మేడమ్ పాఠమంతా తెలుగులోనే చెప్పేది కదా. ఇక్కడ గంటసేపు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతుంటే తల తిరిగిపోవడం సహజం. చెవి అలవాటు పడడానికి కొన్ని నెలలు పడుతుంది, కంగారు పడకు. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు చెప్పిన పాఠంలోంచి ఒక్క పేజీ ఇంగ్లీషులో చదువు. పుస్తకం మూసేసి అదే సంగతి తెలుగులో పైకి చెప్పుకో. ఎక్కడ నోరు ఆగిపోయిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. మర్నాడు ఆ గీత దగ్గర ఉన్నదే అడుగు. "సార్, నాకేం అర్థం కాలేదు" అంటే ఏ మాస్టారైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటారు. "సార్, జైలం (మొక్కలో నీళ్ళు మోసే కణజాలం) వేరులో బయటి నుంచి లోపలికి, కాండంలో లోపలి నుంచి బయటికి ఎందుకు ఏర్పడుతుంది?" అని అడిగి చూడు, బోర్డు దగ్గరికి వెళ్ళి బొమ్మ గీసి మరీ చెబుతారు. ఆ ప్రశ్న తడబడుతూ అడిగినా, సగం తెలుగులో అడిగినా ఏం ఫరవాలేదు. యాస గురించి కూడా సిగ్గు పడకు. మన మాట మనది. అది విని నవ్వేవాళ్ళు నెల తిరిగేసరికి మానేస్తారు.

ప్రాక్టికల్స్‌లో కాండాన్ని పలచగా కోసే సెక్షన్లు రావట్లేదని, పక్క అమ్మాయి నవ్విందని మీ అమ్మతో చెప్పావట. ఆ సంగతి నాకు వదిలెయ్. పాత బ్లేడు పారేసి కొత్తది తీసుకో. క్యారెట్ ముక్కని నిలువునా చీల్చి, అందులో కాండం ముక్క కదలకుండా బిగించు. బ్లేడునీ ముక్కనీ నీళ్ళతో తడుపు. రంపంలా ముందుకీ వెనక్కీ కొయ్యకు. ఒకే ఊపులో నీ వైపు లాగు. ఇరవై ముప్పై సెక్షన్లు గబగబా కోసి వాచ్ గ్లాసులో నీళ్ళలో వేసెయ్. నీళ్ళలో ఉందో లేదో అన్నట్టు తేలుతూ కనిపించేదే పలచటి సెక్షన్. బ్రష్షుతో దాన్నే తియ్యి. గుండ్రంగా పూర్తిగా రావాలని పట్టుబట్టకు. పావు వంతు వచ్చినా పలచగా ఉంటే చాలు, కణాలన్నీ కనిపిస్తాయి. శాఫ్రానిన్ అనే ఎర్ర రంగు వేశాక అది ఎక్కువైతే నీళ్ళలో బాగా కడుగు, జైలం మాత్రం ఎర్రగా నిలుస్తుంది. గ్లిజరిన్ చుక్కలో పెట్టి, కవర్ స్లిప్పు ఒక అంచు ముందు స్లైడుకి ఆనించి, రెండో అంచుని సూది మీద ఆపుకుంటూ మెల్లగా దించు. గాలి బుడగలు రావు. ఇంత వివరంగా ప్రాక్టికల్ పుస్తకంలో ఉండదు. మీ ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే ఇంతకన్నా బాగా చేసి చూపిస్తారు. ఏళ్ళ తరబడి పిల్లల చేతులు చూస్తున్న మనిషి కదా, తప్పు ఎక్కడుందో చూడగానే చెప్పేస్తారు. "అన్నా, ఒకసారి చూపించరా" అనడానికి మొహమాటపడకు.

ఇక "ఇక్కడ నేనొక్కదాన్నే పరాయిదాన్ని" అన్నావట. ఆ మాట మాత్రం నాకు బాగా కష్టమనిపించింది. తెలుగు జిల్లాల పిల్లలు పై చదువుకి మద్రాసు దాకా పోనక్కర్లేకుండా మనకంటూ ఒక యూనివర్సిటీ ఉండాలని పెద్దలు పోరాడితే 1926లో ఇది వచ్చింది. మొదట బెజవాడలో మొదలై 1930లో విశాఖపట్నంలోని ఈ వాల్తేరుకి వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. అంతటివాళ్ళు కూర్చుని నడిపింది నీలాంటి పిల్లల కోసమే. అక్కడ నువ్వు చుట్టపుచూపుగా వచ్చినదానివి కావు. లైబ్రరీకి వెళ్ళి చూడు. వి.ఎస్. కృష్ణా గారని, ఆయనా ఒకప్పటి వైస్ ఛాన్సలరే, ఆయన పేరు మీద ఉంది. మీ డిపార్ట్‌మెంట్లో పూర్వం చేసిన థీసిస్‌లు చూడొచ్చా అని కౌంటర్ దగ్గర అడుగు. మన అడవుల మీద, మన తీరం మీద ఎవరెవరు ఏం పని చేశారో చూస్తే నీకే ధైర్యం వస్తుంది.

ఆదివారాలు రూములో పడుకోకు. పొద్దున్నే ఎండ రాకముందు బీచ్ వైపు నడిచి వెళ్ళు. భీమిలి రోడ్డు పట్టుకుని ఊరు దాటితే ఇసుక మీద బాలబంద తీగ పాకుతుంటుంది, ఊదారంగు పూలతో. రావణాసురుడి మీసాలని పిల్లలు ఆడుకునే ముళ్ళ గడ్డీ ఉంటుంది. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేవి ఆ రెండూనూ, వాటి వెనక సరుగుడు తోటలూనూ. ఎకాలజీలో నీకు చెప్పేది ఇవే. పుస్తకంలో లాటిన్ పేర్లతో చదివి భయపడే కన్నా అక్కడ చూసి వచ్చి పేరు రాసుకుంటే మర్చిపోమన్నా మర్చిపోవు. ఎర్రమట్టి దిబ్బలకీ, కంబాలకొండకీ నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: సముద్రంలోకి దిగొద్దు. మన తీరంలో అల వెనక్కి వెళ్ళేటప్పుడు లాగే లాగుడు మోకాలి లోతులో కూడా ఉంటుంది. ఏటా పిల్లలు పోతూనే ఉన్నారు. స్నేహితులు ఎంత పిలిచినా ఒడ్డునే ఉండు.

ప్రతి శనివారం ఇంటికి రావడం మానెయ్. దసరాకి రా, సంక్రాంతికి రా. మీ అమ్మ బెంగపెట్టుకుంటుంది, నాకు తెలుసు. కానీ శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కేసే పిల్లకి ఊరు ఎప్పటికీ అలవాటు కాదు. పూర్ణా మార్కెట్‌కి ఒక్కదానివే వెళ్ళి దుప్పటి కొనుక్కో. బ్యాంకు పని నువ్వే చేసుకో. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, టీసీ, మార్కుల లిస్టులు ఒక ఫైల్లో పెట్టి నాలుగైదు సెట్లు జిరాక్స్ తీయించి ఉంచు, స్కాలర్‌షిప్‌కి గడువు దగ్గర పడ్డాక పరుగులు పెట్టే పని ఉండదు. ఖర్చు రాసుకో, అంతే. డబ్బు సంగతి ఇంతకన్నా చెప్పేది లేదు, నువ్వు సహజంగానే జాగ్రత్త మనిషివి.

ర్యాగింగ్ ఏమైనా జరిగితే సర్దుకుపోకు. మన రాష్ట్రంలో దానికి 1997 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ ఎత్తుతారు. మనసు మరీ బరువెక్కి నిద్ర పట్టని రోజులు వరసగా వస్తే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకైతే ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు.

మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గుతాయి. ఒక సబ్జెక్ట్ పోయినా పోవచ్చు. డిగ్రీలో కాలేజీ ఫస్ట్ వచ్చిన పిల్లకి అది తట్టుకోవడం కష్టమే. మీ నాన్నకి ముందే చెప్పి ఉంచాను, ఆయన ఏమీ అనడు. పోయిన పేపర్ మళ్ళీ రాసుకోవచ్చు. నెట్, ఏపీసెట్ అని లెక్చరర్ అర్హత పరీక్షల గురించి సీనియర్లు టెన్షన్ పెడితే ఈ ఏడాదికి వాటిని తలకెక్కించుకోకు. సీఎస్ఐఆర్ నెట్ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళూ రాయొచ్చు. వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పుడు పునాది పడనీ.

ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నీ మాట మారిందని మీ అమ్మ అంటుంది. నీకేమో ఇల్లు చిన్నదైనట్టు, అందరూ పాత మాటలే మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. చిరాకు పడి, ఆ తర్వాత చిరాకు పడినందుకు బాధపడతావు. బయటికెళ్ళి చదువుకున్న ప్రతి ఆడపిల్లకీ ఇది వచ్చి పోయేదే. ఆ నాలుగు రోజులూ మీ అమ్మని వదిలి మొబైల్ పట్టుకు కూర్చోకు. పెరట్లో మొక్కల పేర్లు ఆమెని అడుగు. నీ పుస్తకంలో ఉన్న వాటిలో సగం ఆమెకి తెలుసు, దేనికి వాడతారో కూడా తెలుసు. ఆవిడ చెప్పినవి రాసుకుని, తిరిగి వచ్చాక శాస్త్రీయ నామాలు వెతికి పక్కన రాయి. డిపార్ట్‌మెంట్లో మీ మేడమ్‌కి చూపించు. ప్రాజెక్ట్‌కి పనికొచ్చే సరుకు అది, తేలిగ్గా తీసుకోకు.

మీ నాన్నకి ఈ రోజే నువ్వే ఫోన్ చేసి, రావద్దని చెప్పు. నేను చెప్పడం వేరు, నీ నోటితో వినడం వేరు, ఆయన రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు. సోమవారం మొదటి పీరియడ్‌లో ఏం అడగబోతున్నావో ఆదివారం రాత్రి ఆ ప్రశ్న నాకు వాట్సాప్‌లో పంపు. క్లాసు అయ్యాక సార్ ఏం చెప్పారో కూడా రాయి.

ఆశీస్సులతో,
అత్త